పొలం ఇంటికి గాలిమర: డాబా మీద పెట్టాలా, టవరు కట్టాలా, ఎన్ని యూనిట్లు వస్తాయి

అడిగినది క్లుప్తంగా ఇది. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు మెట్ట మీద పొలం ఇల్లు. 1 కిలోవాట్ సోలారు, 48 వోల్టుల బ్యాటరీ బ్యాంకు (12 వోల్టులు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు) ఇప్పటికే ఉన్నాయి. ఆషాఢంలో మబ్బు పట్టి సోలారు పడిపోతుంది, అదే రోజుల్లో గాలి మాత్రం తలుపులు బాదుతుంది. ఆన్‌లైనులో ‘1000 వాట్లు’ అని అమ్మే చిన్న గాలిమర కొని డాబా మీద బిగిస్తే సరిపోతుందా, లేక సొంతంగా చేయించుకోవాలా? మిగిలిన కరెంటు గ్రిడ్డుకు అమ్మొచ్చా?

డాబా మీద వద్దు. ఆన్‌లైను బొమ్మా వద్దు. మీ చోట గాలి నిజంగా ఉందని తేలితే 2.4 మీటర్ల వ్యాసం ఉన్న మూడు రెక్కల మర, 18 మీటర్ల టవరు మీద, మీ సోలారుకు తోడుగా బాగానే పనిచేస్తుంది. తేలకపోతే ఆ డబ్బుతో ఇంకో కిలోవాట్ ప్యానెళ్లు వేసుకోండి. రూపాయికి ఎన్ని యూనిట్లు అన్న లెక్కలో సోలారే గెలుస్తుంది. మర విలువంతా రాత్రిళ్లు, మబ్బు రోజుల్లో ఉంది.

ముందు ఆ ‘1000 వాట్ల’ సంగతి తేల్చేద్దాం. గాలిలో ఉన్న శక్తి వాట్లలో కావాలంటే గాలి సాంద్రతలో సగం × రెక్కలు తిరిగే వలయం వైశాల్యం × గాలి వేగం ఘనం. వేడికి, సముద్రమట్టం నుంచి ఉన్న ఎత్తుకు మీ ప్రాంతంలో సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలోల దగ్గర ఉంటుంది. నిలువుగా తిరిగే రకం ఒకటి 60 సెం.మీ. వెడల్పు, 90 సెం.మీ. ఎత్తు అనుకుందాం. వైశాల్యం 0.54 చదరపు మీటర్లు. సెకనుకు 10 మీటర్ల గాలి, అంటే గంటకు 36 కిలోమీటర్లు, వీచినా దాని గుండా పోయే మొత్తం శక్తే 297 వాట్లు. అందులో 20 శాతం పట్టుకుంటే 60 వాట్లు. మామూలుగా వీచే 5 మీటర్ల గాలికి 7 వాట్లు, అంటే ఒక ఎల్‌ఈడీ బల్బు. ఎంత మంచి మర అయినా గాలి శక్తిలో 59.3 శాతానికి మించి తీసుకోలేదన్నది బెట్జ్ పరిమితి. ఇంట్లో కట్టే మరలో రెక్క, ఆల్టర్నేటరు (కరెంటు పుట్టించే భాగం), తీగ నష్టాలన్నీ పోగా 20-25 శాతం బ్యాటరీకి చేరితే గొప్ప. కాబట్టి పెట్టె మీద రాసిన వాట్లు చదవకండి, వ్యాసం కొలవండి. ఆ వాట్లు ఏ గాలి వేగానికో చిన్న అక్షరాల్లో ఉంటుంది. 12, 13 మీటర్లని ఉంటుంది, ఆ గాలి మీకు ఏడాదిలో ఎన్ని గంటలు వీస్తుందో మీకే తెలుసు.

వేగం ఘనం అన్న మాటను వదలకండి, టవరు ఖర్చు సమర్థనంతా అందులోనే ఉంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. చెట్లు, కంచెలు, ఇళ్లు ఉన్న చోట 6 మీటర్ల ఎత్తున వీచే గాలి 18 మీటర్ల దగ్గరకు వచ్చేసరికి సుమారు 30 శాతం పెరుగుతుంది. వేగంలో 30 శాతమంటే శక్తిలో రెండింతల పైమాట. అదే మరకు పైపు మాత్రమే పెంచితే రెండింతల కరెంటు. డాబా మీద ఇంకో చిక్కు ఉంది. పిట్టగోడను తాకిన గాలి పైకి లేచి సుళ్లు తిరుగుతుంది. మర దిక్కులు మారుస్తూ ఊగుతుందే తప్ప నిలకడగా తిరగదు, బేరింగులు త్వరగా అరుగుతాయి. స్లాబులో దిగే అదురు రాత్రి నిద్ర పోనివ్వదు, కొన్నాళ్లకు బోల్టుల చుట్టూ పగులు తెస్తుంది. పాటించాల్సిన కొలత ఇది: 150 మీటర్ల చుట్టుపక్కల ఉన్న ఎత్తైన అడ్డంకి కంటే రెక్క కింది అంచు కనీసం 9 మీటర్లు పైన ఉండాలి. వేప, చింత ఇంకా పెరుగుతాయని కూడా లెక్కలో పెట్టుకోండి.

గాలి ఉందో లేదో తేల్చడం. రామగిరి, కడవకల్లు కొండల మీద పెద్ద మరలు తిరుగుతున్నాయి కాబట్టి మా పొలంలోనూ గాలి ఉన్నట్టే అనుకోవద్దు. అవి గట్టు అంచున, మీ టవరుకు ఎన్నో రెట్ల ఎత్తున ఉన్నాయి. గ్లోబల్ విండ్ అట్లాస్ అనే ఆన్‌లైను గాలి పటంలో మీ పొలం మీద పెట్టి 10 మీటర్లు, 50 మీటర్ల ఎత్తుల్లో సగటు వేగాలు చూడండి. 50 మీటర్ల దగ్గర 6.5 ఉంటే, ఓ మోస్తరు చెట్లున్న నేల మీద 18 మీటర్ల ఎత్తున 5.3 దగ్గరకు వస్తుంది. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ పటాలు పెద్ద మరల ఎత్తులకు వేసినవి, వాటిని నేరుగా వాడుకోలేం. ఆ తర్వాత గాలి వేగం కొలిచే, కప్పులు తిరిగే అనిమోమీటరు ఒకటి, అంకెలు నమోదు చేసే డేటా లాగరుతో, కనీసం 10-12 మీటర్ల పైపు మీద పెట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక కాలం, నవంబరు-జనవరి మధ్య ఒక నెల రికార్డు చెయ్యండి. ఈ రెండూ లేకుండా ఏడాది సగటు తెలియదు. నైరుతి కాలపు ఊపు చూసి ఏడాదంతా అంతే అనుకుని మోసపోతారు.

2.4 మీటర్ల మరకు వలయం వైశాల్యం 4.5 చదరపు మీటర్లు. ఏడాది సగటు 3 మీటర్లయితే నెలకు 15-20 యూనిట్లు, 4 అయితే 40-45, 5 అయితే 80-85, 6 అయితే 140కి పైనే. సగటు 5 ఉన్నచోట కూడా నైరుతి నెలల్లో 120 దాటి, శీతాకాలంలో 30కి పడిపోవచ్చు. పక్కన పెట్టి చూసుకోవడానికి, మీ 1 కిలోవాట్ సోలారు ఎండ నెలల్లో రోజుకు 4 యూనిట్ల చొప్పున నెలకు 120 ఇస్తుంది. సగటు 4 కంటే తక్కువని తేలితే ఇక్కడే ఆగిపోండి. తెలంగాణలో చాలా చోట్ల ఈ లెక్క ఇక్కడే ముగుస్తుంది. కోస్తాలో గాలి ఉన్నా ఉప్పు తుప్పు, తుపాను రెండూ అదనం. అక్కడ దించగలిగే టవరు తప్ప వేరేది ఆలోచించకూడదు.

ఇక మర. స్కాట్లండ్‌లోని స్కోరెయిగ్‌లో ఉండే హ్యూ పిగట్ దశాబ్దాలుగా మెరుగుపెట్టిన పద్ధతి ప్రపంచమంతా వాడుకలో ఉంది: చెక్క రెక్కలు, రెసిన్‌లో పోత పోసిన స్టేటరు (తిరగకుండా ఉండే తీగచుట్ల భాగం), దానికి రెండు వైపులా అయస్కాంతాల చక్రాలు, గాలి ముదిరితే మడుచుకునే తోక. మన ఊళ్లలో వెల్డింగ్ షాపు, లేత్ షాపు, మోటారు వైండింగ్ చేసేవాళ్లు దొరుకుతారు కాబట్టి ఇది ఇక్కడ సాధ్యమే. కారు ఆల్టర్నేటరుతో చేద్దామని చాలామంది అడుగుతారు. అది వెయ్యి, పదిహేను వందల ఆర్‌పీఎం దాటితే గానీ సరిగా చార్జి చెయ్యదు, పైగా ఫీల్డు కాయిలుకు మన బ్యాటరీ కరెంటునే తింటుంది. 2.4 మీటర్ల వ్యాసం మర మామూలు గాలికి 200-300 మాత్రమే తిరుగుతుంది. మధ్యలో గేరో బెల్టో పెడితే వచ్చేదంతా అందులోనే పోతుంది. ఈ-స్కూటరు హబ్ మోటారు 1.2 మీటర్ల వ్యాసం మరల వరకు నేర్చుకోవడానికి పనికొస్తుంది.

రెక్కలకు ముడులు లేని, గీతలు నిటారుగా సాగిన, బాగా ఎండిన చెక్క కావాలి. టేకు బరువైనా నిలుస్తుంది. మూడు రెక్కలూ ఒకే దుంగ నుంచి కోయించండి, బరువులు దగ్గరగా వస్తాయి. ఒక్కో రెక్క 1.2 మీటర్లు. కొన వేగం గాలి వేగానికి ఏడు రెట్లు ఉండేలా కొలతలు ఇలా వస్తాయి: కొన దగ్గర వెడల్పు 6 సెం.మీ., కోణం 2 డిగ్రీలు. మధ్యలో 10 సెం.మీ., 7 డిగ్రీలు. మొదలు నుంచి నాలుగో వంతు దగ్గర 14-15 సెం.మీ., 16-17 డిగ్రీలు. మందం వెడల్పులో ఎనిమిదో వంతు. ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు 1 మి.మీ. దాకా పలుచగా. రెక్క మొదలు దగ్గర అర డిగ్రీ తేడా వచ్చినా పెద్ద నష్టం లేదు, కొన దగ్గరి మూడో వంతులో మాత్రం శ్రద్ధ పెట్టండి, పని చేసేది ఆ భాగమే. మూడు రెక్కలకూ లిన్‌సీడ్ నూనో, ఎపాక్సీ పూతో ఒకే మోతాదులో వెయ్యండి. అనంతపురం దుమ్ము ముందు అంచును ఉప్పుకాగితంలా తినేస్తుంది. అక్కడ మందపాటి పాలీయురెథేన్ టేపు అంటించి ఏడాదికోసారి మార్చండి. అమర్చాక రెక్కల చక్రాన్ని గాలి లేని గదిలో నిలబెట్టి, ఎక్కడ ఆపితే అక్కడే ఆగేదాకా తేలిక రెక్క మొదట్లో సీసం ముక్కలు బిగించి తూకం చెయ్యండి. పది గ్రాముల తేడా కూడా 500 ఆర్‌పీఎం దగ్గర టవరంతా వణికిస్తుంది.

బేరింగు కోసం, ముందు చక్రాలతో నడిచే పాత కారు వెనక చక్రం హబ్బు సరిగ్గా సరిపోతుంది. దానికి ఇరుసు ముక్క ఉంటుంది, డ్రైవ్ షాఫ్టు ఉండదు. లోపలి గట్టి గ్రీజు కడిగేసి కొత్తది పలుచగా వెయ్యండి, దుమ్ము సీలు చిన్న గాలికి తిరగనివ్వనంత బిగువుగా ఉంటే వదులు చెయ్యండి. అయస్కాంతాల చక్రాలు 300 మి.మీ. వ్యాసం, 8-10 మి.మీ. మందం మైల్డ్ స్టీలు. ఒక్కోదాని మీద 46×30×10 మి.మీ. నియోడిమియం అయస్కాంతాలు 12, ఉత్తరం దక్షిణం మార్చిమార్చి. రెండూ కలిపి 24. మామూలు గ్రేడు 80 డిగ్రీల వేడికి బలం కోల్పోవడం మొదలెడుతుంది. ఇక్కడి ఎండకు, స్టేటరు వేడికి 120 డిగ్రీలు తట్టుకునే ‘హెచ్’ రకం తీసుకోండి. రెండు చక్రాలను ఎప్పుడూ చేత్తో దగ్గరకు తేవద్దు. నాలుగు పొడవాటి జాకింగ్ బోల్టుల మీద నట్టు తర్వాత నట్టు తిప్పుతూ దించాలి. మధ్యలో వేలుంటే నలిగిపోతుంది, లాగి తీయడం ఎవరి తరమూ కాదు.

స్టేటరులో 9 కాయిళ్లు. 1-4-7 ఒక ఫేజు, 2-5-8 ఒకటి, 3-6-9 ఒకటి, వరుసలో కలిపి స్టార్‌గా (మూడు ఫేజుల ఒక్కో కొసను ఒకే చోట కలిపి) కట్టాలి. ఎన్ని చుట్లన్నది పుస్తకం చూసి కాపీ కొట్టొద్దు, మీ అయస్కాంతాల బలం, మీ గ్యాపు వేరు. ముందు 50 చుట్ల కాయిలు ఒకటి చుట్టి, చక్రాల మధ్య పట్టి, లేత్ మీద 180 ఆర్‌పీఎంతో తిప్పి ఏసీ వోల్టేజి కొలవండి. 3 వోల్టులు వచ్చిందనుకుందాం. మూడు కాయిళ్లకు 9, స్టార్‌లో లైను వోల్టేజి 15.6, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు దాటాక ఇంచుమించు 22 డీసీ. మనకు 180 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ 50 వోల్టులు, డయోడ్లలో 1.4, మొత్తం 51.4 కావాలి. 51.4ను 22తో భాగించి 50తో గుణిస్తే 117 చుట్లు. ఆ 180 ఆర్‌పీఎం ఈ రెక్కకు 3.2 మీటర్ల గాలికి వస్తుంది. ఇంకా తక్కువ గాలికే చార్జి మొదలవ్వాలని చుట్లు పెంచే ఆశ కొందరికి పుడుతుంది. అలా చేస్తే గాలి పెరిగినా బ్యాటరీ మరను పట్టుకుని లేవనివ్వదు, రెక్క స్టాల్ అయి, అంటే గాలిని పట్టలేక మొరాయించి, 6-7 మీటర్ల గాలిలో రావలసిన అసలు పంట పోతుంది.

తీగ 18 గేజీ ఎనామెల్ రాగి (1.22 మి.మీ.), మొత్తం రెండున్నర నుంచి 3 కిలోలు. స్టేటరు మందం 13 మి.మీ., రెండు వైపులా ఖాళీ 1-1.5 మి.మీ. పోతకు వినైల్ ఎస్టర్ రెసిన్ మేలు, టాల్కం పొడి కలిపితే పోసేటప్పుడు పుట్టే వేడి తగ్గుతుంది, పగుళ్లు రావు. గాజు బట్ట పొర పైనా కిందా తప్పదు. మే నెల మధ్యాహ్నం పోత పెట్టుకోవద్దు, గిన్నెలోనే గడ్డకడుతుంది. తెల్లవారుజామున పోసి హార్డెనరు తగ్గించండి.

ఇలా కట్టిన మర 10 మీటర్ల గాలికి బ్యాటరీకి 500-600 వాట్లు పంపుతుంది. అదే సమయంలో స్టేటరు తీగలో 300 వాట్లకు పైగా వేడిగా మారుతుంది. ఈ అంకె గుర్తుంటే తోక ఎందుకు అంత ముఖ్యమో అర్థమవుతుంది. 14-15 మీటర్ల గాలిని కూడా ఎదురుగా నిలబడి పట్టనిస్తే వేడి రెట్టింపు దాటి రెసిన్ గోధుమరంగుకు తిరుగుతుంది, ఆపైన కాయిళ్లు షార్టవుతాయి. మర ఇరుసు, తిరిగే పైపు మధ్య గీత నుంచి 10 సెం.మీ. పక్కకు ఉండాలి. గాలి ఆ తేడాను పట్టుకుని మరను పక్కకు తిప్పాలని చూస్తుంది, తోక అడ్డుకుంటుంది. తోక కీలు నిలువుకు 20 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి మడుచుకోవాలంటే తోక తన బరువును తానే పైకెత్తుకోవాలి. 10-11 మీటర్ల దగ్గర గాలి తోపుడు గెలుస్తుంది, మర పక్కకు ఒదుగుతుంది, గాలి తగ్గగానే తోక జారి మామూలు చోటికి వస్తుంది. తోక పొడవు ఇంచుమించు రెక్కంత, రేకు లేదా ప్లైవుడ్ 0.3 చదరపు మీటర్లు. సర్దుబాటంతా బరువుతోనే: ఆమ్‌మీటరులో 12-13 ఆంపియర్లు దాటి పోతుంటే తోక తేలిక చెయ్యండి, 7-8 దగ్గరే మడుచుకుంటుంటే రేకు మీద కిలో బరువు బిగించండి. కీలుకు గ్రీజు ఆరిపోయి తోక ఇరుక్కోవడం, మడిచినప్పుడు ఆపే స్టాపరు వంగి తోక రెక్కలకు తగలడం, తరచుగా జరిగే రెండు ప్రమాదాలు ఇవే. స్టాపరుకు రబ్బరు ముక్క పెట్టండి.

తర్వాతి విషయం సోలారు తెలిసినవాళ్లు తప్పకుండా పొరబడేది. ప్యానెలును ఎప్పుడైనా విడదీయొచ్చు, ఏమీ కాదు. మరను నడుస్తుండగా విడదీయకూడదు. బ్యాటరీ దాని వోల్టేజిని, దాంతో దాని వేగాన్ని పట్టి ఉంచుతుంది. తీగ ఊడినా, ఫ్యూజు పోయినా, కంట్రోలరు ‘బ్యాటరీ నిండింది’ అని కట్ చేసినా మర మీద లోడు సున్నా. 15 మీటర్ల గాలిలో 1300 ఆర్‌పీఎంకు పోతుంది. రెక్క ఒకటిన్నర కిలోలైతే 550 ఆర్‌పీఎం దగ్గర అది మొదలును లాగే బలం 250 కిలోలు, 1300 దగ్గర 1,400 కిలోలు. వోల్టేజి కూడా 200 దాటి మీ ఇన్వర్టరును కాల్చేస్తుంది. అందుకే మామూలు సోలారు చార్జ్ కంట్రోలరుకు మరను కలపకూడదు. బ్యాటరీ నిండినప్పుడు మిగులు కరెంటును వేరే లోడుకు మళ్లించే డైవర్షన్ కంట్రోలరు, దానికి డంప్ లోడు కావాలి. 56 వోల్టుల దగ్గర 1 కిలోవాట్ తాగాలంటే 3 ఓములు. నీళ్ల హీటరు 2000 వాట్ల ఎలిమెంటు నిరోధం 26.5 ఓములు, 56 వోల్టులకు అది తాగేది 118 వాట్లే. తొమ్మిది ఎలిమెంట్లు సమాంతరంగా కట్టి డ్రమ్ములో ముంచండి, ఎలాగూ పోయే కరెంటుతో స్నానానికి వేడినీళ్లు వస్తాయి. డ్రమ్ము ఎండకూడదు.

సెట్టింగులు: సోలారు కంట్రోలరును 56.4 వోల్టుల దగ్గర, డంపును 57.2 దగ్గర పెట్టండి. అప్పుడు ముందు సోలారు తగ్గుతుంది, తర్వాతే డంపు అందుకుంటుంది. తిరగేసి పెడితే మధ్యాహ్నం సోలారు కరెంటంతా డ్రమ్ములోకే పోతుంది. బ్యాటరీ గది 35 డిగ్రీలుంటే రెండింటినీ 0.7 వోల్టులు దించండి. లిథియం బ్యాటరీలకు మారాలనుకుంటే ఒక్క జాగ్రత్త. వాటిలో ఉండే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూటు) ఏదో ఒక సెల్ నిండగానే చెప్పకుండా బ్యాటరీని తెంచేస్తుంది, డైవర్షన్ కంట్రోలరుకు కూడా ఆధారం పోతుంది. అందుకని మర వైపునే, బ్యాటరీతో సంబంధం లేకుండా, తన వోల్టేజి పెరిగితే తనే లోడు వేసుకునే రకం కంట్రోలరు ఉండాలి. ఇప్పుడున్న ట్యూబులర్ బ్యాటరీలు ఈ పనికి నిజానికి నయం.

బ్రేకు అంటే మూడు ఫేజు తీగలనూ కలిపేసే స్విచ్చు. గాలి తగ్గిన క్షణం చూసి వేస్తే మర నిమిషంలోపే నెమ్మదించి ఆగినట్టే తిరుగుతుంది. హోరుగాలిలో, పూర్తి వేగంలో వెయ్యొద్దు. ఆగకపోగా స్టేటరు కాలుతుంది. ఏప్రిల్-మే నెలల్లో సాయంత్రం వచ్చే ఈదురుగాలి నైరుతి గాలి కంటే మరకు ప్రమాదం, దిక్కు మార్చి ఒక్కసారి కొడుతుంది. మబ్బు కమ్ముతుండగానే బ్రేకు వేసెయ్యండి. మరను విప్పాలన్నా మొదట బ్రేకు, తర్వాతే తీగ. డీసీ వైపు ఏసీ ఎంసీబీలు వాడకండి, తెరిచినప్పుడు నిప్పు ఆరదు.

పై నుంచి మూడు తీగల ఏసీగానే దించి, రెక్టిఫయరును బ్యాటరీల దగ్గర, హీట్‌సింకు మీద పెట్టండి. 50 మీటర్ల దూరానికి 10 చదరపు మి.మీ. రాగి వేస్తే 600 వాట్ల దగ్గర నష్టం 4-5 శాతం. ఇదే 24 వోల్టులైతే 18 శాతం పోయేది, 12 వోల్టులైతే మాట్లాడే పనే లేదు. పైపు లోపల తీగ మెలిపడుతుందని స్లిప్ రింగులు (తిరుగుతూనే కరెంటు దింపే రింగులు) పెట్టించుకుంటారు. దుమ్ముకు అవే ముందు పాడవుతాయి. తీగను వదులుగా వేలాడదీసి, కింద ప్లగ్గు పెట్టి, నాలుగైదు నెలలకోసారి మెలి విప్పితే చాలు.

టవరు: 3 అంగుళాల జీఐ మీడియం పైపులు, 6 మీటర్లవి మూడు. ప్రతి 6 మీటర్లకూ నాలుగు స్టే వైర్లు (టవరును నలువైపులా పట్టి ఉంచే తాళ్లు), పై వరుసకు 8 మి.మీ. ఉక్కు తాడు. పై వరుసను రెక్క కొన తగలనంత కిందికి, మర నుంచి ఒకటిన్నర మీటరు దిగువన కట్టండి. ఆ తాళ్లను నేలలో పట్టే యాంకర్లు టవరు మొదలు నుంచి 9 మీటర్ల దూరం. గుంత 60 సెం.మీ. చదరం, మీటరు లోతు, కాంక్రీటు 850 కిలోలు వస్తుంది. మడవని మర 25 మీటర్ల గాలికి టవరు కొనను 140 కిలోలతో తోస్తుంది, స్టే వైరులో అది 300 కిలోల లాగుడు అవుతుంది. ఎర్ర గరుసు నేల అయితే ఆ గుంత చాలు. నల్లరేగడి అయితే ఎండకు నెర్రెలు విచ్చి యాంకరు వదులవుతుంది, ఒకటిన్నర మీటరు దిగండి. తాడు క్లిప్పులు ఒక్కో కొనకు మూడు, జీను ముక్క బరువు మోసే తాడు వైపు, యూ బోల్టు తెగిన కొస వైపు. దీన్ని తిరగేసి బిగించిన టవర్లు బోలెడు కనిపిస్తాయి. తాడు బిగువు సర్దే టర్న్ బకిళ్లలో తీగ దూర్చి ముడెయ్యండి, లేకపోతే అదురుకు అవే విప్పుకుంటాయి.

టవరు అడుగున కీలు పెట్టి, 9 మీటర్ల లేవనెత్తే పైపును లంబంగా బిగించి, 1.6 టన్నుల చేతి విన్చితో (టిర్‌ఫోర్) లేపాలి. లేపడం మొదట్లోనే బరువు ఎక్కువ, 350-400 కిలోల లాగుడు. పక్క యాంకర్లు రెండూ కీలుతో ఒకే గీతలో, ఒకే మట్టంలో ఉండాలి. నేల వాలుగా ఉంటే టవరు లేస్తున్నకొద్దీ ఒక పక్క తాడు బిగిసి, రెండో పక్క వదులై, పైపు వంగుతుంది. మొదటిసారి మర లేకుండా ఒట్టి పైపునే లేపి దించి చూడండి. ట్రాక్టరుతో లాగొద్దు. క్లచ్చు ఒక్క కుదుపు చాలు, పైగా నిలువు దాటే క్షణంలో టవరు అటువైపు పడకుండా ఆపే వెనక తాడును ఎవరూ చూసుకోరు. దించినా లేపినా టవరు పొడవంత దూరంలోపు మనుషులు, పిల్లలు, గొడ్లు ఉండకూడదు.

పిడుగుకు టవరు మొదటనూ, నాలుగు యాంకర్ల దగ్గరా ఎర్త్ రాడ్లు వేసి, అన్నింటినీ ఇంటి ఎర్తుతో కలపండి. రెక్టిఫయరు ముందు సర్జ్ అరెస్టరు పెట్టండి. నేరుగా పడితే ఏదీ ఆగదు, పక్కన పడిన పిడుగుల నుంచి డయోడ్లు మిగులుతాయి.

లేపిన వారానికి స్టే వైర్లు మళ్లీ బిగించాలి. ఆ తర్వాత ఏటా రోహిణి కార్తెలో, మృగశిర గాలి మొదలవ్వకముందు, ఉదయంపూట టవరు దించండి. రెక్కల ముందు అంచు, బోల్టులు, తోక కీలు, తిరిగే పైపు గ్రీజు, స్టేటరు రంగు చూసి మళ్లీ లేపండి.

నడుస్తున్నప్పుడు చెవి పెట్టండి. గాలి ఉన్నా మర బరువుగా, మొరాయిస్తున్నట్టు తిరిగితే రెక్టిఫయరులో డయోడు షార్టయింది. రెక్టిఫయరు విప్పగానే స్వేచ్ఛగా తిరిగితే అదే, తిరగకపోతే తీగో కాయిలో షార్టు. ఈ పరీక్ష 3-4 మీటర్ల గాలిలోనే చెయ్యండి. గరగరమని మోత, టవరు పట్టుకుంటే వణుకు ఉంటే ఒక ఫేజు తెగింది. మర ఆపి మూడు జతల మధ్య నిరోధాలు కొలవండి, మూడూ సమానంగా 2.4 ఓముల చుట్టూ ఉండాలి. వేగంగా తిరుగుతూ ఆంపియర్లు సున్నా ఉంటే ఏమీ వెతక్కుండా ముందు బ్రేకు వెయ్యండి, లోడు తెగింది. ఒకే ఒక వేగం దగ్గర టవరు ఊగి, దాటాక మానితే అది టవరు సహజ ఊగు, స్టే వైర్ల బిగువు కొంచెం మార్చితే ఆ వేగం పక్కకు జరుగుతుంది. అన్ని వేగాల దగ్గరా ఊగితే రెక్క తూకం పోయింది. ఎక్కువసార్లు వాన నీళ్లు చెక్కలోకి దిగడమే కారణం, పూత చూడండి.

గ్రిడ్డుకు అమ్మడం గురించి కూడా అడిగారు. ఇంటి పైకప్పుకు 3 కిలోవాట్లకు రూ.78,000 దాకా కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ సోలారుకే, మరకు రాదు. నెలకు 80 యూనిట్ల మరకు గ్రిడ్డు ఇన్వర్టరు, అనుమతుల తతంగం గిట్టుబాటు కాదు. బ్యాటరీకే పెట్టుకోండి. మబ్బు విడిచిన మధ్యాహ్నం సోలారు, మర రెండూ కలిసి 25 ఆంపియర్లు దాటితే 150 ఏహెచ్ బ్యాటరీలకు అది ఎక్కువే. ఆ నెలల్లో మోటారు, మిక్సీ, ఇస్త్రీ పనులు ఆ వేళకు జరిపి, డిస్టిల్డ్ వాటరు పదిహేను రోజులకోసారి చూడండి.